నారుమడిలో తుప్పు రంగు: పేరు పెట్టే ముందు పీకి చూడాలి

యాసంగి వరి నారుమళ్లు పోసిన తరువాత, డిసెంబరు మధ్య నుండి సంక్రాంతి దాటేవరకు, కృషి విజ్ఞాన కేంద్రాలకూ ఏరువాక కేంద్రాలకూ అందే ఫిర్యాదు దాదాపు ఒక్కటే: నారు ఎర్రబారింది, ఎదుగుదల లేదు. ఈ రెండు మాటల వెనుక కనీసం పది కారణాలు దాగి ఉండవచ్చు. రాత్రి చలి, జింకు లోపం, భాస్వరం లోపం, చౌడు, మురుగు నీటిలో దెబ్బతిన్న వేరు, తామర పురుగులు, టుంగ్రో వైరస్, అగ్గి తెగులు, గోధుమ రంగు మచ్చ తెగులు, ముందు రోజు కలుపు మందు కొట్టి కడగకుండా వాడిన పంపు. కారణాలు పది ఉన్నా రైతుకు అందుతున్న సమాధానం మాత్రం చాలా చోట్ల ఒక్కటే. ఒక శిలీంధ్రనాశిని, ఒక పురుగుమందు, ఒక సూక్ష్మపోషకాల పొట్లం కలిపి పిచికారీ చేయమంటారు. దీనిని చికిత్స అనడం కష్టం. మూడింటిలో ఏదో ఒకటి తగులుతుందన్న ఆశతో రోగనిర్ధారణను పక్కన పెట్టడమే ఇది. దుకాణదారుడు ఇలా చేస్తే అర్థం చేసుకోవచ్చు. అతని వృత్తి అమ్మకం. శాస్త్రవేత్త సంతకంతో వెళ్లే సలహా కూడా ఇదే రూపంలో ఉండడమే ఆలోచించవలసిన విషయం.

ఈ తొందరకు కారణం లేకపోలేదు. యాసంగిలో నారు చలికి నెమ్మదిగా పెరుగుతుంది. నాట్లు ఆలస్యమైన కొద్దీ పూత ఏప్రిల్ ఎండలోకి జరుగుతుంది. పూత సమయంలో పగటి ఉష్ణోగ్రత 35 డిగ్రీలు దాటితే పుప్పొడి దెబ్బతిని తాలు గింజలు పెరుగుతాయన్నది తెలిసినదే. బోర్ల కింది సాగులో ఏప్రిల్ నాటికి నీరు సైతం అడుగంటుతుంది. జనవరి మొదటి వారంలో మడి పోతే మళ్లీ విత్తనం చల్లడం అంటే ఆ సీజను మీద సగం ఆశ వదులుకోవడమే. కాబట్టి రైతు ఈ రోజే సమాధానం కోరుతాడు. అయితే తప్పు మందు కొట్టి వారం రోజులు ఎదురుచూడడం కంటే, ఒక పూట మడి దగ్గర నిలబడి కారణం వెతకడమే తక్కువ కాలం తీసుకుంటుంది. ఈ లెక్కను రైతుకు వివరించవలసినది విస్తరణ వ్యవస్థే.

వరిలో ఆకు ఎర్రబారడాన్ని తప్పుగా చదివిన చరిత్ర చిన్నది కాదు. హిమాలయాల దిగువన తరాయి ప్రాంతంలో 1960వ దశకంలో వరి మడులు ముదురాకుల మీద తుప్పు మచ్చలతో గిడసబారిపోయేవి. తాంబూలంలో వేసే కాచు రంగులోకి ఆకు మారుతుంది గనుక అక్కడివారు దానిని ఖైరా అన్నారు. తెగులు అన్న పేరు దానికి నేటికీ వదలలేదు. పంత్‌నగర్ వ్యవసాయ విశ్వవిద్యాలయంలో పనిచేస్తున్న యశ్వంత్ లక్ష్మణ్ నెనె ఆ లక్షణాలకు మూలం జింకు లోపమని 1966లో ప్రకటించారు. ఆయన మృత్తికా శాస్త్రవేత్త కారు, తెగుళ్ల శాస్త్రవేత్త. తన శాస్త్రం తనకు అలవాటు చేసిన సమాధానాన్ని కాదని, నేల వైపు చూడగలగడంలోనే ఆ పని విలువ ఉంది. ఆయన తరువాత పటాన్‌చెరులోని ఇక్రిశాట్‌లో చేరి, పప్పు ధాన్యాల తెగుళ్ల మీద పనిచేసి, ఆ సంస్థ ఉప మహాసంచాలకులుగా విరమించారు. మెదక్ ప్రాంతపు నారుమళ్లకు ఇంత సమీపంలో జీవించిన శాస్త్రవేత్త చూపిన దారి, ఆ మళ్లకు వెళ్లే యువ శాస్త్రవేత్తల అలవాట్లలో కనిపించకపోవడం విచారకరం. పాకిస్థాన్‌లో హద్దా అని పిలిచే వ్యాధి విషయంలోనూ ఇదే జరిగింది. సున్నపు నేలల్లో వచ్చే ఆ లక్షణాలు కూడా జింకు లోపం వల్లనేనని 1969లో యోషిదా, తనాకా చూపించారు.

ఇంతటితో ఆగితే పాఠకుడు మరొక తప్పుడు తీర్మానానికి రావచ్చు: ఎర్రబారితే జింకు చల్లితే సరి అని. కథకు రెండవ వైపు కూడా ఉంది. మలయాలో పెన్యాకిత్ మేరా, అనగా ఎర్ర వ్యాధి, చాలాకాలం నేల దోషంగానే చలామణి అయింది. అది వైరస్ వల్ల వస్తున్నదని, పచ్చ దీపపు పురుగు దానిని మోస్తున్నదని 1965లో గాని తేలలేదు. దానినే ఈనాడు టుంగ్రోగా గుర్తిస్తున్నారు. ఒక చోట తెగులనుకున్నది పోషక లోపమైంది. మరొక చోట లోపమనుకున్నది తెగులైంది. ఈ రెండు తీర్పులూ ఏడాది తేడాతో వెలువడ్డాయి. రెండు చోట్లా ఆకు రంగు ఒక్కటే చూసినవారు పొరబడ్డారు. పైగా నేల బలహీనపడిన చోటే తెగులు బలపడే సందర్భాలూ ఉన్నాయి. గోధుమ రంగు మచ్చ తెగులు అటువంటిది. పొటాషు తదితర పోషకాలు తక్కువైన నేలల్లో అది విజృంభిస్తుంది. అక్కడ సూక్ష్మదర్శిని కింద శిలీంధ్రం నిజంగానే కనిపిస్తుంది. కనిపించినంత మాత్రాన అదే మూలమని రాసిచ్చే సిఫారసు మచ్చను అణచినా మడిని నిలబెట్టదు.

మరి నారుమడి గట్టు మీద నిలబడిన శాస్త్రవేత్త ఏమి చూడాలి? మొదట చూడవలసినది ఆకును కాదు, మడిని. దెబ్బ తిన్న భాగం మడిలో ఏ ఆకారంలో ఉందో దూరం నుండి చూస్తేనే సగం కారణాలు తొలగిపోతాయి. మడి అంతా ఒకే తీరుగా పాలిపోయి, నీరు ప్రవేశించే మూల మరికొంత ఎక్కువగా దెబ్బతింటే చలి నీటి వైపు చూడాలి. చదును చేసేటప్పుడు మెరకను చెక్కి పై మట్టి తీసిన చోటే పలకలుగా గిడసబారితే జింకును అనుమానించాలి; అడుగు మట్టిలో సున్నం ఎక్కువ, సేంద్రియ పదార్థం తక్కువ. గట్ల అంచులలోను, నీరు ఆరిన మెరక మీదను ఆకు కొనలు మాడితే, నేల మీద తెల్లని పొర ఉన్నదేమో చూడాలి. సరళరేఖలో, పంపు పట్టిన మనిషి నడిచిన బాట వెంబడి మాడితే తెగుళ్ల పుస్తకం తెరవవలసిన పని లేదు. ఆ పంపుతో అంతకుముందు ఏమి కొట్టారో అడిగితే చాలు. పిడికెడు యూరియా ఒకే చోట పడిన వలయాలు కూడా ఇటువంటివే. ఏ తెగులూ గట్టుకు సమాంతరంగా వరుస కట్టి రాదు.

తరువాత నారు పీకి చూడాలి. ఈ పని జరగకుండా ఇచ్చిన సిఫారసు ఏదైనా ఊహ మాత్రమే. దెబ్బతిన్న చోట ఐదారు మొక్కలు, పక్కనే బాగున్న చోట ఐదారు మొక్కలు మట్టితో సహా పెకలించి, నీటిలో జాడించి, పక్కపక్కన పెట్టాలి. బాగున్న మొక్కను పీకకుండా వ్యాధి మొక్కను మాత్రమే పట్టుకొచ్చే అలవాటు విద్యార్థుల్లో మరీ ఎక్కువ. పోలిక లేనిదే లక్షణానికి అర్థం లేదు. తెల్లని కొత్త వేళ్లు ఉన్నవా? వేళ్లు నల్లబడి, మట్టి కుళ్లిన కోడిగుడ్డు వాసన వేస్తుంటే గాలి అందని బురదలో గంధక విషం పేరుకున్నదని అర్థం. పచ్చిరొట్ట లేదా మాగని పశువుల ఎరువు ఎక్కువగా వేసి నీరు తీయకుండా ఉంచిన మళ్లలో ఇది సాధారణం. దానికి నీరు తీసి మడిని రెండు రోజులు ఆరనివ్వడమే మందు. ఆ స్థితిలో ఆకు మీద ఎన్ని పోషకాలు చల్లినా వేరు కోలుకోదు.

వేరు బాగున్నప్పుడే ఆకు దగ్గరకు రావాలి. ఆకులోనూ రంగు కంటే స్థానం ముఖ్యం. జింకు లోపంలో మొలకెత్తిన రెండు మూడు వారాల వరకు నారు బాగానే కనిపించి, ఆ తరువాత లేత ఆకు మొదట్లో మధ్య ఈనె పాలిపోతుంది. ముదురాకుల మీద తుప్పు చుక్కలు పుట్టి, అవి కలిసిపోయి ఆకంతా ఇటుక రంగుకు తిరుగుతుంది. ఆకు పెళుసెక్కి వంచితే చిటుక్కున విరుగుతుంది. ఈ చిటుకు శబ్దాన్ని చాలామంది రైతులు శాస్త్రవేత్తల కంటే ముందే గుర్తిస్తారు. భాస్వరం లోపంలో ఆకు పాలిపోదు. ముదురు ఆకుపచ్చగా, సన్నగా, నిటారుగా నిలిచి, పాత ఆకులు మాత్రమే గోధుమ రంగుకు మారతాయి. మెట్ట నారుమళ్లలో కనిపించే ఇనుప ధాతు లోపం కొత్త ఆకును తెల్లబరుస్తుందే గాని ఎర్రబరచదు. అగ్గి తెగులు మచ్చకు నూలు కండె ఆకారం, నడుమ బూడిద రంగు ఉంటాయి. గోధుమ రంగు మచ్చ నువ్వు గింజను పోలి ఉంటుంది. జింకు లోపపు చుక్కకు ఇటువంటి నిర్దిష్టమైన ఆకారం, అంచు ఉండవు. ఆకు కొన సూదిలా చుట్టుకుని ఎండితే అరచేయి తడిపి నారు మీదుగా ఒకసారి నిమరాలి. తామర పురుగులు ఉంటే చేతికి నలుసుల్లా అంటుకుంటాయి. ఇంత చవకైన పరీక్ష ఉండగా దానిని చేయకుండానే పురుగుమందు సూచించడానికి ఏ సమర్థనా కనిపించదు.

చలి విషయం వేరుగా చెప్పుకోవాలి. ఉత్తర తెలంగాణ జిల్లాలలోను, మెదక్ ప్రాంతంలోను డిసెంబరు, జనవరి రాత్రులలో ఉష్ణోగ్రత పది డిగ్రీలకు దిగువకు పడిపోవడం కొత్త కాదు. పన్నెండు డిగ్రీల లోపు రాత్రులు వరుసగా వస్తే వేరు పని మందగిస్తుంది. నేలలో ఉన్న భాస్వరం, జింకు కూడా మొక్కకు అందవు. అంటే చలి ఒక కారణమూ, మిగిలిన కారణాలకు తలుపు తీసేదీ అవుతుంది. రాత్రి వేళ మడి మీద కర్రల ఆధారంతో పాలిథీన్ పట్టాలు గాని, కుట్టిన ఎరువు సంచులు గాని కప్పి ఉదయం తీసివేయడం, తెల్లవారగానే మడిలోని చల్లని నీరు వదిలి కొత్త నీరు పెట్టడం అన్న సిఫారసులు పాతవే, మంచివే. మొదట ఇవి చేయించి నాలుగు రోజులు కొత్త ఆకును చూసిన తరువాతనే పోషకాల మాట ఎత్తడం న్యాయం. కప్పకుండా వదిలేసిన మడి మీద సూక్ష్మపోషకాలు పిచికారీ చేయడం చాలావరకు డబ్బును నీటిలో పోయడమే.

చలికి సంబంధించిన మరొక సిఫారసును మాత్రం తిరిగి పరిశీలించవలసిన అవసరం ఉంది. ఎకరం పొలానికి సరిపడే రెండు గుంటల నారుమడికి సాధారణంగా కిలో భాస్వరం, చలి కాలంలో రెండు కిలోలు వేయాలని చెబుతారు. చలికి వేరు భాస్వరం తీసుకోలేదు గనుక రెట్టింపు చేయడంలో తర్కం ఉంది. కాని అధిక భాస్వరం జింకు లోపాన్ని తీవ్రం చేస్తుందన్నది కూడా అంతే స్థిరపడిన విషయం. ఏళ్ల తరబడి డి.ఎ.పి. వేసి భాస్వరం నిల్వలు పేరుకున్న నేలలో, జింకు అంతంత మాత్రంగా ఉన్న నేలలో, ఈ రెట్టింపు మోతాదే నారును ఎర్రబరిచే ప్రమాదం ఉంది. భాస్వరం రెట్టింపు చేయమన్న వాక్యం పక్కనే నేలలో జింకు ఎంత ఉందో చూడమన్న వాక్యం ఉండాలి. నేలలో లభ్య జింకు కిలోకు 0.6 మిల్లీగ్రాముల కంటే తక్కువైతే లోపంగా పరిగణిస్తారు. ఆ అంకె చాలామంది రైతుల ఇంట్లోనే ఉంది. 2015లో మొదలైన భూసార ఆరోగ్య పత్రాల పథకంలో పరీక్షించే పన్నెండు అంశాలలో జింకు ఒకటి. రైతు ఇంటి గూట్లో దుమ్ము పట్టిన ఆ పత్రాన్ని తీసుకురమ్మని అడిగే సలహాదారులు ఎందరు?

నారు ఎర్రబారిన తరువాత ఆకును ప్రయోగశాలకు పంపి ఫలితం కోసం ఆగడం యాసంగిలో సాధ్యపడదు. ఫలితం వచ్చేనాటికి నాట్లు పడిపోతాయి. అటువంటప్పుడు మడినే ప్రయోగశాలగా మార్చుకోవాలి. దెబ్బతిన్న భాగంలో ఒక చదరపు మీటరు మేర లీటరు నీటికి రెండు గ్రాముల జింకు సల్ఫేట్ కలిపి చల్లాలి. పక్క మీటరు మీద రాత్రి పట్టా కప్పాలి. మరొక మీటరులో రెండూ చేయాలి. నాలుగవ మీటరును ఏమీ చేయకుండా వదలాలి. నాలుగు పుల్లలు, కొంత పురికొస తప్ప దీనికి ఖర్చు లేదు. వారం తిరగకుండా కొత్తగా వచ్చే ఆకు సమాధానం చెబుతుంది. కొత్త ఆకు అన్న మాటను నొక్కి చెప్పాలి. పాత ఆకు మీది మచ్చ ఏ మందుతోనూ మాసిపోదు. అది మాయలేదని రైతు మరొక మందు కొంటాడు. నాలుగవ మీటరును ఏమీ చేయకుండా వదలమంటే రైతు ఒప్పుకోడన్న వాదన తరచు వినిపిస్తుంది. రెండు గుంటల మడిలో ఒక మీటరు ఎంత? రైతు ఒప్పుకోకపోవడం కంటే అడగడానికి సలహాదారు వెనుకాడడమే ఎక్కువగా జరుగుతుంది. ఎందుకంటే చికిత్స లేని మీటరు కూడా వారంలో పచ్చబడితే, చలి తగ్గి నారు తనంతట తానే కోలుకుందని, ఇచ్చిన మందు అనవసరమని బయటపడుతుంది. ఆ సంగతి బయటపడడమే శాస్త్రానికి కావలసినది.

ఈ పద్ధతి బోధనలో ఎక్కడ ఉంది? వ్యవసాయ పట్టభద్ర విద్యార్థి జింకు లోప లక్షణాలను మృత్తికా శాస్త్రం పుస్తకంలో, అగ్గి తెగులును తెగుళ్ల శాస్త్రంలో, తామర పురుగును కీటక శాస్త్రంలో, చలి దెబ్బను సేద్య విజ్ఞానంలో విడివిడిగా చదువుతాడు. ప్రతి పుస్తకంలోనూ లక్షణాల పట్టిక ఉంటుంది. ప్రతి పరీక్షలోనూ వ్యాధి పేరు ఇచ్చి లక్షణాలు రాయమంటారు. పొలంలో జరిగేది దీనికి తలకిందులు. అక్కడ లక్షణం ముందు వస్తుంది, పేరు ఉండదు. నాలుగు శాఖల వారు నాలుగు పేర్లు చెప్పగల ఒకే మడిని చూపించి, వాటిలో మూడింటిని ఎలా కొట్టివేస్తావో చెప్పమని అడిగే ప్రశ్న ఏ శాఖ ప్రశ్నపత్రంలోనూ చోటు దొరకనిది. గ్రామీణ వ్యవసాయ పని అనుభవ కార్యక్రమం అందుకు తగిన వేదిక కాగలదు. అక్కడ విద్యార్థి ఎన్ని శిక్షణా సమావేశాలు నిర్వహించాడన్న లెక్క కంటే, ఎన్ని నారుమళ్లలో ముందు ఒక కారణం అనుకుని, తరువాత ఏ ఆధారంతో దానిని మార్చుకున్నాడో రాసిన పుస్తకానికి మార్కులు ఎక్కువ ఉండాలి. పేరు సరిగ్గా చెప్పినందుకు కాదు, తప్పు పేరును సకాలంలో వదిలినందుకు.

వాట్సాప్‌లో వచ్చే ఫోటోల మీద సలహా ఇవ్వడం మానాలని ఎవరూ కోరరు. ఒక్క శాస్త్రవేత్త మీద అనేక మండలాలు ఆధారపడిన చోట అది తప్పదు. కాని ప్రస్తుతం వచ్చే ఫోటో ఎటువంటిది? రైతు అరచేతిలో పట్టుకున్న ఒకే ఆకు. నీడ, ఫోను తెర, మధ్యాహ్నపు ఎండ కలిసి పసుపును ఎరుపుగా, ఎరుపును గోధుమగా మార్చి చూపుతాయి. ఆ ఆకు మొక్కలో పైదో కిందదో కూడా తెలియదు. దాని మీద మందు పేరు పంపడం కంటే నాలుగు ఫోటోలు తిరిగి అడగడం మేలు: గట్టు మీద నిలబడి తీసిన మడి అంతా, కడిగిన వేళ్లతో మంచి మొక్క పక్కన చెడ్డ మొక్క, నీరు ప్రవేశించే చోటు, భూసార పత్రం. వాటితో పాటు మూడు ప్రశ్నలు: ఎన్నవ రోజున మొదలైంది, దుక్కిలో ఏమి వేశారు, పంపుతో చివరగా ఏమి కొట్టారు. నాలుగు ఫోటోలు పంపగల రైతుకు నాలుగు పుల్లలు పాతడం కష్టం కాదు.

కారణం జింకు లోపమేనని తేలితే చికిత్స సులభం. నారుమడిలో లీటరుకు రెండు గ్రాముల జింకు సల్ఫేట్, ఐదారు రోజుల వ్యవధితో రెండు మూడు సార్లు పిచికారీ చేయాలి. ప్రధాన పొలంలో ఆఖరి దమ్ములో ఎకరాకు ఇరవై కిలోల జింకు సల్ఫేట్ వేయాలి. భాస్వరం ఎరువుతో కలపకుండా రెండు మూడు రోజుల ఎడం పాటించాలి. ఈ చివరి జాగ్రత్త సంచి మీద రాసి ఉండదు. దుకాణంలో ఎవరూ చెప్పరు. డి.ఎ.పి., జింకు సల్ఫేట్ ఒకే బొచ్చెలో కలిపి చల్లిన పొలంలో రెండూ ఒకదానినొకటి పట్టి ఉంచుతాయి. పక్షం తరువాత అదే రైతు నాటిన పొలం ఎర్రబారిందని మరల ఫోను చేస్తాడు. అప్పుడు నారుమడి నాటి పుస్తకం తెరిచి, ఆ రైతు పేరు పక్కన మొదటిసారి ఏమి చూశారో, ఏ మీటరు ముందు పచ్చబడిందో రాసి ఉంటే, సమాధానం వెతకడానికి మళ్లీ మొదటి నుండి బయలుదేరవలసిన అవసరం ఉండదు.